యానాంను నడిచి చూడాలంటే

ప్రశ్న: జపాన్‌లోని కనజావాలో సమురాయ్‌ల పాత వీధుల్ని గైడు వెంట నడుస్తూ చూశాం. మన యానాంను కూడా అలా చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా చూడవచ్చమ్మా. కనజావాలోని నాగమాచిలో మట్టిగోడల వీధులు ఇంకా నిలిచి ఉన్నాయి. యానాంలో పాతవి విడివిడిగానే మిగిలాయి కాబట్టి, ఊరి సంగతులు తెలిసిన పెద్దవారిని వెంటబెట్టుకోండి.

పొద్దున్నే గోదావరి గట్టున మొదలుపెట్టండి. గౌతమి నుంచి కోరంగి పాయ చీలేది ఇక్కడే. 1723లో ఫ్రెంచివాళ్లు వర్తకానికి ఇక్కడికి వచ్చారంటే ఈ నీటిదారి కోసమే. అక్కడి నుంచి 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చికి, తర్వాత మీసాల వెంకన్న గుడికి నడవండి.

యానాంకు కళ్యాణపురం అన్న మరో పేరు ఎలా వచ్చిందో మాత్రం తీరిగ్గా అడగండి. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ప్రాంతాల్లో బాల్యవివాహాలు నేరమయ్యాయి. దాంతో చుట్టుపక్కల కుటుంబాలు పిల్లల్ని తీసుకొచ్చి ఈ ఫ్రెంచి గడ్డమీద పెళ్లిళ్లు జరిపించాయి. దీన్ని వేడుక ముచ్చటగా చెప్పి దాటేయడం నాకు నచ్చదు; ఆ పీటల మీద కూర్చున్నది పసిపిల్లలు.

దడాల రఫేల్ రమణయ్య గురించి కూడా చెప్పించుకోండి. 1954 జూన్ 13న యానాంను ఫ్రెంచి పాలన నుంచి విడిపించిన పోరాటానికి ఆయనే నాయకుడు. చట్టప్రకారం విలీనం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న.

ఎండాకాలం వద్దు, శీతాకాలంలో వెళ్లండి. మనవలనూ తీసుకెళ్లండి.