నలుగురిలో ఎలా చెప్పాలి? విన్నవారు ఎలా మెలగాలి?
(మనసుకు వచ్చే జబ్బుల గురించి కొన్ని మాటలు)



శరన్నవరాత్రి పది రోజులూ మన గుడి హాలు కళకళలాడుతుంది. కుంకుమార్చనలు, బొమ్మల కొలువు పేరంటాలు, బతుకమ్మ ఆటలు, పిల్లల కార్యక్రమాలు! అయితే పండుగ వస్తోందంటే గుబులు పడే కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. "మీ అబ్బాయి కనబడడం లేదేమండీ?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అన్నది వారి బెంగ. ఇంట్లో ఒకరికి మనసుకు సంబంధించిన జబ్బు ఉన్నప్పుడు దాన్ని నలుగురికీ ఎలా తెలియజెప్పాలో, విన్నవాళ్ళు ఎలా నడుచుకోవాలో ఈసారి చూద్దాం. ఉదాహరణకు బైపోలార్ డిజార్డర్‌ను తీసుకుంటున్నాను.

అసలు ఏమిటీ జబ్బు?

ఇందులో రెండు దశలుంటాయి. ఒక దశలో మనిషి ఉత్సాహం హద్దు దాటుతుంది. రెండు మూడు గంటల నిద్ర చాలనిపిస్తుంది, మాట వేగం పెరుగుతుంది, పెద్ద పెద్ద పథకాలు వేస్తారు, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడతారు. దీన్ని మేనియా అంటారు. మరో దశలో దిగులు కమ్ముకుని, మంచం దిగడమే కష్టమవుతుంది. ఒక్కొక్క దశ రోజులు, వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి సాగుతుంది. రెండింటి మధ్య చాలామంది మామూలుగానే ఉంటారు. పొద్దున కోపం, సాయంత్రం నవ్వు ఉంటే అది బైపోలార్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు, దిష్టి వల్ల వచ్చేదీ కాదు. మందులున్నాయి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు లిథియం గుణాన్ని గుర్తించారు. 1970లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఈనాటికీ అది ముఖ్యమైన మందే.

ఎవరికి, ఎంత చెప్పాలి?

మొదటి సూత్రం: జబ్బు ఎవరిదో ఆ మాట వారిది. పద్దెనిమిదేళ్ళు దాటిన కొడుకు గురించి అతన్ని అడగకుండా తల్లిదండ్రులు పదిమందికీ చెప్పడం భావ్యం కాదు. "ఎవరెవరికి చెప్పమంటావు? ఏ మాటల్లో చెప్పమంటావు?" అని ముందు అడగండి.

రెండవది: అందరికీ అంతా చెప్పనక్కరలేదు. పరిచయస్తులు అడిగితే "ఒంట్లో బాగుండడం లేదండీ, విశ్రాంతి తీసుకుంటున్నాడు" అంటే చాలు. అది అబద్ధం కాదు. రోజూ రాకపోకలున్న ఆప్తులకు మాత్రం మూడు సంగతులు చెప్పండి: జబ్బు పేరు, ఏం జరుగుతుంది, వారి నుంచి మీకు కావలసిన సాయం. ఉదాహరణకు: "వదినగారూ, మా వాడికి బైపోలార్ అనే జబ్బుంది. మందులు వాడుతున్నాడు. నిద్ర తప్పితే జబ్బు తిరగబెడుతుంది, అందుకే తొమ్మిదింటికల్లా బయలుదేరతాం. దయచేసి ఆపకండి." ఇంత సూటిగా చెబితే ఊహాగానాలకు తావుండదు.

మూడవది: భాష. ఇక్కడ పుట్టిన పిల్లలు తమ జబ్బు గురించి ఇంగ్లీషులో సులువుగా చెప్పగలరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు తెలిసిన మాట "పిచ్చి" ఒక్కటే కావచ్చు. ఆవిడకు అర్థమయ్యేలా "షుగరుకు రోజూ మందు వేసుకున్నట్టే వీడూ వేసుకుంటాడు, మానేస్తే మళ్ళీ వస్తుంది" అని చెప్పండి. లిథియం ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, ప్రాణాపాయం కూడా ఎక్కువ. కనుక "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, ఇంకా మాత్రలెందుకు?" అనే మాట ప్రేమతో అన్నా హాని చేస్తుంది.

ఇక పెళ్ళి సంబంధాల భయం. జబ్బు ఉన్నవారు తమ కాబోయే భాగస్వామికి పెళ్ళికి ముందే చెప్పడం న్యాయం. కాని చెల్లెలి సంబంధం చెడుతుందని అన్న జబ్బుకు వైద్యం ఆలస్యం చేయడం ఎవరికీ మేలు కాదు. కుటుంబంలో ఒకరికి ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం కొంత పెరిగే మాట నిజమే అయినా, తోబుట్టువుల్లో చాలామందికి ఇది రాదు.

పండుగలలో జాగ్రత్తలు

ఉపవాసం: లిథియం వాడేవారు ఉప్పు బాగా తగ్గించినా, నీళ్ళు మానేసినా రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరగవచ్చు. డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దు. తలనొప్పికి ఐబుప్రొఫెన్ కూడా అడగకుండా ఇవ్వకండి. వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

జాగారం: నిద్ర లేకపోవడమే మేనియాకు దారి తీయవచ్చు. శివరాత్రికైనా, ఇండియా ప్రయాణానికైనా ఇది వర్తిస్తుంది. ఇంట్లో దీపం పెట్టి దండం పెట్టుకుని పడుకుంటే భక్తికి లోటేమీ లేదు.

తీర్థం తీసుకునేటప్పుడు చెయ్యి సన్నగా వణికినా, మాటిమాటికీ నీళ్ళు తాగినా అది మందు ప్రభావం కావచ్చు. అపార్థం చేసుకోవద్దు. కొన్ని మందులకు ఒళ్ళు కూడా వస్తుంది. "ఇంత లావయ్యావేంటమ్మా!" అన్న ఒక్క మాటకు మళ్ళీ గుడి మెట్లెక్కని పిల్లలు ఉంటారు.

కమిటీ వారికి ఒక మనవి: ఎప్పుడూ లేనిది ఎవరైనా గడగడా మాట్లాడుతూ శక్తికి మించిన చెక్కు రాసిస్తే, వెంటనే బ్యాంకులో వేయకుండా ఇంటివారితో నెమ్మదిగా మాట్లాడండి.

విన్నవారి ధర్మం

భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. నోరెండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేజారుతోంది అని అర్జునుడు చెప్పుకుంటున్నంతసేపూ శ్రీకృష్ణుడు అడ్డు రాకుండా విన్నాడు. ఆ తర్వాత లేచి నిలబడమని మందలించినా దిగులు తీరలేదు. దారి చూపమని అర్జునుడు శరణు వేడాకే అసలు బోధ మొదలైంది. అర్జునుడిది జబ్బు కాదు. అయినా ముందు వినాలన్న పాఠం మనకు అందులో ఉంది.

అందుచేత "ధైర్యంగా ఉండు, ధ్యానం చెయ్యి, అంతా మనసులోనే ఉంది" అనే సలహాలు కాస్త ఆపి, "నేనేం చేస్తే నీకు సులువుగా ఉంటుంది?" అని అడగండి. రాలేదని నిష్ఠూరాలు ఆడకుండా ప్రసాదం ఇంటికి పంపండి. వచ్చే ఏడు కూడా పిలవండి. డాక్టర్లు రోగి సంగతి బయట పెట్టకూడదని ఇక్కడ చట్టం ఉంది. స్నేహితులకు చట్టం లేదు, మర్యాద ఉంది. విన్న మాట మీ దగ్గరే ఆగాలి.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే తేలికగా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన కలుగుతుందన్న భయం నిజం కాదు. ఒంటరిగా వదలకండి. 2022 జూలై నుంచి అమెరికా అంతటా 988 నంబరు పనిచేస్తోంది, పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చు. ప్రాణాపాయం ఎదురుగా కనిపిస్తే 911కు చేయండి.

ఈ పండుగకు మన హాలులో ఒక మూల, చప్పుడు లేని చోట, నాలుగు కుర్చీలు వేసి ఉంచుదాం. సందడి ఎక్కువనిపించినవారు అక్కడ కాసేపు కూర్చుని మళ్ళీ హారతికి రాగలుగుతారు. అమ్మవారి దయ అందరిపైనా ఉండాలని కోరుకుంటూ, సెలవు.