సీటు పగిలేది చలికాలంలో, పాడయ్యేది ఎండాకాలంలో

జనవరి తెల్లవారుజామున పంజాబ్ పొలాల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి 0 డిగ్రీల దాకా దిగుతుంది. రైతు ట్రాక్టరెక్కి కూర్చోగానే పాత వినైల్ సీటు పటుక్కున చిట్లుతుంది. తప్పంతా చలిదేనా?

వినైల్ అంటే పీవీసీ. నిజానికిది గట్టి పదార్థం, నీళ్ల పైపులు దీంతో చేసేవే. నూనెలాంటి ప్లాస్టిసైజర్ దాని పొడవాటి అణువుల మధ్య చేరితేనే అవి సులువుగా కదిలి, సీటు మెత్తగా వంగుతుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్ 1926లో కనిపెట్టిన కిటుకిది. ఏటా వేసవి ఎండకు ఆ ప్లాస్టిసైజర్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది. మిగిలింది చలిలో చాలదు.

కాబట్టి జాగ్రత్త మే నెలలోనే మొదలవ్వాలి. నీడ లేకపోతే గోనెపట్టా కప్పినా మేలే. మరకలను డీజిల్‌తో తుడిస్తే ప్లాస్టిసైజర్ కూడా దాంతోపాటే పోతుంది, సబ్బునీళ్లు చాలు. అదే పట్టా చలిరాత్రుల్లోనూ పనికొస్తుంది: నిర్మలాకాశం కింద వేడిని వెదజల్లే సీటు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది.