తెగిన కొస చూడు, బిడ్డా



ఇంటి పనికి గోదావరి నుంచి దింపించిన కంకరలో నువ్వు ఏరిన రాళ్ల ఫొటోలు చూశాను. ఆ చారల రాయి ఒకప్పుడు చెట్టేనా అని అడిగావు. అయ్యుండొచ్చు. ఫొటో చూసి తేల్చలేం గానీ, చేతిలో రాయి ఉన్న నువ్వు తేల్చగలవు.

ముందు మిగతా రెండింటి సంగతి. పాలరంగు పొరలతో, ఎండకు పెడితే వెలుతురు లోపలికి దిగేది అగేట్. దక్కన్ లావా రాతిలో మిగిలిన బుడగల్లో సిలికా పేరుకుని అది తయారవుతుంది. చుట్టూ ఉన్న నల్లరాయి మట్టయిపోయినా అది మాత్రం మిగిలి నదిలో దొర్లుకుంటూ వస్తుంది. నల్లగా, బరువుగా, తొర్రలు తొర్రలుగా ఉన్నదాన్ని ఉల్క అనుకున్నావు. ఉల్కల్లో అట్లాంటి తొర్రలు దాదాపు ఉండవు. అది ఇనుప చిట్టెం అయ్యుంటుంది. మన పల్లెల్లో వెనకటికి ఇనుము కరిగించిన చోట్ల చేలల్లో, వాగుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక చారల రాయి. చాకు మొనతో గట్టిగా గీసి చూడు. గీత పడితే సున్నపురాయో, మెత్తని మరో రాయో. సిలికాగా మారిన కలప మీద ఉక్కు గీత పడదు. కానీ గట్టి రాళ్లకూ చారలుంటాయి, కాబట్టి అక్కడితో ఆగకు. రాయిని నీళ్లలో ముంచి తీసి, పక్కనా కొసనా విడివిడిగా భూతద్దంతో చూడు. పొరల రాయిలో పక్కన కనిపించిన గీతలే కొస మీదా తిన్నగా సాగుతాయి. కలపకు పక్క వేరు, కొస వేరు: పక్కన నిలువు పోగులు, కొసన వంపు తిరిగిన వలయాలు. ఎక్కువమంది పక్క చారలు చూసి మురిసిపోయి కొస చూడటం మానేస్తారు. అసలు సాక్ష్యం అక్కడే ఉంటుంది.

ఏ జాతి చెట్టో కూడా కొసే చెబుతుంది. టేకు మొద్దు కోసిన చోట సన్నని రంధ్రాలు కంటికే కనిపిస్తాయి కదా, అవి నీళ్లు మోసే గొట్టాలు. దేవదారు వంటి చెట్లకు ఆ గొట్టాలుండవు, కొస నున్నగా, ఒకే తీరుగా ఉంటుంది. తాటి దూలం కోస్తే వలయాలుండవు, చుక్కలే చుక్కలు. చుక్కల రాయి దొరికితే అది తాటి కుటుంబానిదై ఉండొచ్చు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు లావా పొరల మధ్య అట్లాంటి రాతి తాటిచెట్లు ఉన్నాయి. ఆ ప్రాంతపు నీళ్లు వైన్‌గంగలో కలిసి, ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర మన గోదావరిలోకి వస్తాయి.

కాళేశ్వరానికి అవతలి ఒడ్డునే సిరొంచ. 1960 ప్రాంతంలో ఆ తాలూకాలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బారాపాసారస్ అనే పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వితీశారు. వాటితో పాటే రాతి చెట్ల మొద్దులూ బయటపడ్డాయి. దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటివి. పూలు పూసే చెట్లు ఇంకా భూమి మీద విస్తరించని కాలం అది, కాబట్టి ఆ మొద్దుల్లో టేకు గొట్టాల కోసం వెతకకు. కూలిన చెట్టు ఇసుకలో, బురదలో గబగబా పూడిపోతే గాలి తగలక కుళ్లదు. భూగర్భజలంలోని సిలికా మెల్లగా ఒక్కో కణంలో నిండుతుంది. అందుకే చెట్టు పోయినా దాని కట్టడం చెదరదు. రాతి కలపలో కనిపించే ఎరుపు, పసుపు రంగులు ఇనుమువి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. లోపల ఏముందో చూద్దామని సుత్తితో కొట్టకు. వాగు ఒడ్డున నిలువు మొద్దే కనిపిస్తే కదిలించకు. ఫొటో తీసి, ఊరి పేరు, వాగు పేరు రాసుకుని భూగర్భ సర్వే వాళ్లకు తెలియజెయ్యి. తావు తెలియని శిలాజం శాస్త్రానికి సగమే పనికొస్తుంది. నీ రాయికి ఆ తావు ఇప్పటికే పోయింది. ఇంకా కొంతైనా దక్కించుకోవాలంటే కంకర ఏ రేవు నుంచి తెచ్చాడో ట్రాక్టర్ డ్రైవర్‌ను ఇవ్వాళే అడుగు, చీటీ మీద రాసి రాయికి కట్టు. తర్వాత కొస తడిపి, పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి నాకు పంపు.

మీ తాత