మన ఇంటి ప్లాస్టిక్ ఎక్కడికి పోతుంది?

పిల్లలూ! మీరు నివసిస్తున్న అవాలి పట్టణానికి భూగర్భంలోని చమురే పుట్టుకనిచ్చింది. మన ఊరికి దక్షిణాన జబల్ దుఖాన్ అనే కొండ ఉన్నది కదా! బహ్రెయిన్‌లోకెల్లా ఎత్తైన స్థలం అదే. దాని పాదాన నేలను తొలిచినప్పుడు 1932లో ముడి చమురు పైకి వచ్చింది. గల్ఫ్ సముద్రానికి అరబ్బు దేశాలున్న వైపున చమురు దొరకడం అదే మొదటిసారి. ఆ చమురు సంస్థ తన ఉద్యోగుల కొరకు కట్టించిన ఊరే అవాలి. ఆ మొదటి బావి నేటికీ ఉన్నది. చూడని వారు ఒక శుక్రవారం పెద్దలతో కలిసి వెళ్ళి చూడండి.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1933లో, ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వేరొక పని చేస్తుండగా, పాత్ర అడుగున మైనం వంటి తెల్లని పదార్థం కనిపించింది. అదే పాలిథీన్. ముడి చమురును శుద్ధి చేసినప్పుడు నాఫ్తా అనే తేలిక ద్రవం వస్తుంది. దానిని మిక్కిలి వేడి చేస్తే ఇథిలీన్ అనే వాయువు లభిస్తుంది. ఆ వాయువు అణువులను దండలో పూసల వలె వేలకొలదిగా గుచ్చితే పాలిథీన్ అవుతుంది. కాబట్టి దుకాణంలో మీ చేతికిచ్చే పలుచని సంచికి తల్లి చమురు బావియే. చేతులు తగిలించుకొనే పిడులతో ఒకే ముక్కగా ఉండే నేటి సంచిని స్వీడన్ దేశంలో రూపొందించారు. దానికి 1965లో పేటెంటు లభించింది.

ప్లాస్టిక్ చెడ్డదని కొందరు ఒక్క మాటలో తేల్చివేస్తారు. అది న్యాయం కాదు. వైద్యుడు వాడే సిరంజి, ఇంటికి నీరు తెచ్చే గొట్టం, విద్యుత్తు తీగపై ఉండే తొడుగు ఇవన్నీ ప్లాస్టిక్ వల్లనే చౌకగా, క్షేమంగా లభిస్తున్నాయి. చిక్కు మరొక చోట ఉన్నది. దుకాణం నుండి వంటగది వరకు సంచి చేసే సేవ అరగంట మాత్రమే. దాని ఆయుష్షు మాత్రం మన తాతల, ముత్తాతల ఆయుష్షులన్నీ కలిపినా చాలనంత. ఆకు కుళ్ళుతుంది, కాగితం నానుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. పాలిథీన్‌ను తిని జీర్ణించుకొనే జీవులు ప్రకృతిలో దాదాపు లేవు. ఎండకు, ఉప్పునీటికి అది చిన్న చిన్న ముక్కలవుతుందే గాని మాయం కాదు.

తెలుగులో మనం ‘పారవేశాను’ అంటాము. ఎక్కడ పారవేశాము? ఇంట్లో చెత్తబుట్టలో. అక్కడి నుండి వీధిలోని పెద్ద తొట్టిలో. అక్కడి నుండి లారీలో. ఆ తరువాత? బహ్రెయిన్ చిన్న ద్వీప దేశం. దేశమంతా కలిపినా వైశాల్యం సుమారు 780 చదరపు కిలోమీటర్లే. అవాలికి తూర్పున సముద్రతీరాన అస్కర్ అనే గ్రామం ఉన్నది. దాని సమీపంలో, పూర్వం రాళ్ళు తవ్విన గోతులున్న ప్రదేశంలో, దేశపు చెత్తను పోస్తారు. మనకు పశ్చిమాన, ఉత్తరాన, దక్షిణాన, తూర్పున ఎటు చూసినా సముద్రమే. ‘ఊరి అవతల’ అనడానికి ఇక్కడ అవతల లేదు. చమురు పుట్టిన చోటికి, సంచి చేరే చోటికి నడుమ మన ఊరు ఉన్నది.

తొట్టిలో పడని సంచుల సంగతి చూడండి. శమాల్ అనే వాయవ్యపు గాలి వీచిన నాడు అవి ఎగిరి ముళ్ళకంపలకు, కంచెలకు చిక్కుకుంటాయి. కొన్ని సముద్రంలో పడతాయి. నీటిలో తేలే సంచి జెల్లీ చేప వలె కనబడుతుంది. తాబేలు దానిని ఆహారమనుకొని మింగుతుంది. మన సముద్రంలో ఆ తాబేళ్ళతో పాటు డుగాంగ్ అనే సాధువైన పెద్ద జంతువు కూడా ఉన్నది. హవార్ దీవుల చుట్టూ పెరిగే సముద్రపు గడ్డిని అది మేస్తుంది. గడ్డితో పాటు ఏమి వచ్చినదీ అది ఏరుకోలేదు. దుబాయి పరిసరాలలో మరణించిన ఒంటెలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాటిలో కొన్నిటి కడుపులలో బిగుసుకుపోయిన ప్లాస్టిక్ ముద్దలను కనుగొని, ఆ విషయాన్ని 2021లో ప్రకటించారు. సెలవులకు ఆంధ్రదేశానికో తెలంగాణకో వెళ్ళినప్పుడు వీధిలో ఆవు కవరుతో సహా అరటి తొక్కలను నమలడం మీరు చూసే ఉంటారు. అక్కడ ఆవు, ఇక్కడ ఒంటె. కథ ఒక్కటే.

ప్రభుత్వాలు ఊరకుండలేదు. బహ్రెయిన్‌లో 35 మైక్రాన్ల కన్న పలుచనైన, ఒకసారి వాడి విడిచే సంచులను 2022 సెప్టెంబరు నుండి నిషేధించారు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందంలో ఇంచుమించు సగం 35 మైక్రాన్లు అనుకోండి. భారతదేశంలో అదే సంవత్సరం జూలై 1 నుండి ప్లాస్టిక్ గరిటెలు, పుడకలు, పళ్ళేల వంటివి నిషిద్ధమయ్యాయి. తిరుమలలో లడ్డూల కొరకు నేలలో కలిసిపోయే సంచులను 2021లో ప్రవేశపెట్టారు. మంచిదే. అయితే ఒక మెలిక ఉన్నది. మందమైన సంచిని కూడా ఒక్కసారే వాడి పారవేస్తే, పలుచని దానికన్న ఎక్కువ ప్లాస్టిక్‌ను పారవేసినట్లు అవుతుంది. చట్టం సంచి మందాన్ని కొలవగలదు. మనం దానిని ఎన్నిసార్లు వాడామో కొలవలేదు.

మీ తాతయ్యను, అమ్మమ్మను ఫోనులో ఒక ప్రశ్న అడగండి: “మీ చిన్నప్పుడు అంగడి నుండి సరుకులు ఎలా తెచ్చేవారు?” కిరసనాయిలుకు డబ్బా, మంచినూనెకు సీసా ఇంటి నుండే తీసుకొని వెళ్ళేవారని, పప్పు, బెల్లం కాగితపు పొట్లంలో దారం చుట్టి ఇచ్చేవారని, విందుకు అరిటాకో మోదుగాకుల విస్తరో వేసేవారని చెబుతారు. ఆ రోజులన్నీ గొప్పవని నేను అనను. నూనె సీసా జారి పగిలితే ఇంట్లో పడిన చీవాట్లు కూడా వారినే అడగండి. కాని సంచి మరచి అంగడికి వెళ్ళడం అప్పుడు వింత.

ఇప్పుడు మన వంటగది చూద్దాం. విమానంలో వచ్చిన కరివేపాకు రెండు రెమ్మలకు ఒక కవరు. కుబ్బూస్ రొట్టెకు ఒకటి. పెరుగుకు డబ్బా. కొత్తిమీర కట్టకు, నాలుగు నిమ్మకాయలకు వేరువేరుగా కవర్లు. కరివేపాకు మొక్కను కుండీలో పెంచి, వేసవి మధ్యాహ్నపు ఎండ తగలకుండా కాపాడితే, ఒక కవరు తగ్గుతుంది. చిన్న నీటి సీసాలకు బదులు, ఖాళీ అయినప్పుడు తిరిగి తీసుకొనే పెద్ద డబ్బా తెప్పిస్తే సీసాలు పోగుపడవు. పాత చీర అంచుతో కుట్టిన సంచి కారులోనే ఉండాలి. అది వంటింటి కొక్కేనికి వేలాడుతుంటే దుకాణంలో పనికిరాదు. ఇంట్లో ఉన్న మంచి ప్లాస్టిక్ డబ్బాలను పారవేసి స్టీలు డబ్బాలు కొనమని మాత్రం పట్టు పట్టవద్దు. పగిలేదాకా వాటినే వాడడం మేలు.

ఉగాది నాడు అందరూ కూడినప్పుడు పచ్చడిని చిన్న ప్లాస్టిక్ కప్పులలో పంచుతారు. రెండు చెంచాల పచ్చడి, ఒక కప్పు, వెంటనే చెత్త. ఇంటి నుండి ఒక్కొక్కరు ఒక స్టీలు గ్లాసు తెచ్చుకుంటే చాలదా అని అడగవచ్చు. అడిగితే పెద్దలు తప్పక అనే మాట: “ఎవరు కడుగుతారు?” ఇది హాస్యం కాదు, నిజమైన ప్రశ్నే. ఒక కప్పు తగ్గిన చోట ఒక గిన్నె తోమవలసి ఉంటుంది. ఆ తోమేవారు ప్రతిసారీ అమ్మే అయితే, నాలుగు రోజులకే కప్పులు తిరిగి వస్తాయి. మీ గ్లాసు మీరు కడగండి. నాన్నగారికి కూడా ఈ పాఠం చదివి వినిపించండి.

కృత్యం: ఈ శనివారం నుండి వచ్చే శుక్రవారం వరకు మీ ఇంట్లో వాడి విడిచిన ప్లాస్టిక్‌ను కడిగి, ఆరబెట్టి, ఒకే సంచిలో వేయండి. చాలా వస్తువుల అడుగున త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది. సాధారణంగా నీటి సీసాపై 1, లబన్ డబ్బాపై 2, పెరుగు డబ్బాపై 5 కనిపిస్తాయి. ఏ అంకెవి ఎన్ని వచ్చాయో, అంకె లేనివి ఎన్నో నోటు పుస్తకంలో వ్రాయండి. వాటిలో ఏ ఒక్కటి లేకుండా మీ ఇల్లు గడుస్తుందో ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించండి. రెండవ వారం మళ్ళీ లెక్కించి, రెండు లెక్కలూ తరగతికి తీసుకొని రండి. తగ్గకపోయినా తీసుకొని రండి. ఎందుకు తగ్గలేదో కలిసి చూద్దాం.