ఉత్తమ పిచ్చర్ ఎవరు?

రాముకు లెక్కల పరీక్షలో 60 మార్కులు వచ్చాయి. పక్క ఊరి బడిలో చదివే సోముకు 75 వచ్చాయి. ఇద్దరిలో ఎవరు గట్టివాడు? సోమే అని చటుక్కున అనేస్తారు. కాని రాము రాసిన ప్రశ్నపత్రం చాలా కఠినం. ఆ తరగతి సగటు 30 మార్కులే. సోము రాసినది సులభం. అక్కడి సగటు 70. ఇప్పుడు ఏమంటారు?

ఆటల్లోనూ ఇదే చిక్కు వస్తుంది. అమెరికాలో 1968లో జరిగిన బేస్‌బాల్ పోటీలను చూద్దాం.

క్రికెట్‌లో బౌలర్ ఎలాగో, బేస్‌బాల్‌లో పిచ్చర్ అలాగ. ముగ్గురు ఔటయితే ఒక జట్టు వంతు ముగుస్తుంది. ఆ వంతును ఇన్నింగ్స్ అంటారు. ఒక ఆటలో ఒక్కొక్క జట్టుకు 9 ఇన్నింగ్స్ ఉంటాయి. అక్కడి పెద్ద జట్లు అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు విభాగాలుగా ఆడతాయి. ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ బహుమతి 1968లో అమెరికన్ లీగ్‌లో డెట్రాయిట్ జట్టు పిచ్చర్ డెనీ మెక్‌లేన్‌కు, నేషనల్ లీగ్‌లో సెయింట్ లూయిస్ జట్టు పిచ్చర్ బాబ్ గిబ్సన్‌కు దక్కింది. మరి ఈ ఇద్దరిలో ఎవరు మిన్న?

మెక్‌లేన్ పేరున 31 గెలుపులు, 6 ఓటములు ఉన్నాయి. గిబ్సన్‌కు 22 గెలుపులు, 9 ఓటములు. అయితే మెక్‌లేనే మిన్న గదా అంటారేమో. తొందరపడకండి. గెలవాలంటే పిచ్చర్ పరుగులు ఆపితే చాలదు, అతని జట్టు పరుగులు చేయాలి. ఆ ఏడు డెట్రాయిట్ 671 పరుగులు చేసింది. సెయింట్ లూయిస్ చేసినవి 583. సెప్టెంబరు 17న గిబ్సన్ ఇచ్చింది ఒక్కటే పరుగు. కాని ఎదుటి జట్టు పిచ్చర్ గేలార్డ్ పెర్రీ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. సెయింట్ లూయిస్ 0-1 తేడాతో ఓడింది. ఆ ఓటమి గిబ్సన్ పేరున పడింది! దానికి అతన్ని తప్పుపట్టగలమా?

కాబట్టి పిచ్చర్ పనిని మాత్రమే కొలిచే కొలబద్ద కావాలి. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసివేసి, మిగిలినవే పిచ్చర్ లెక్కలో వేస్తారు. వాటిని 9తో హెచ్చవేసి, అతను ఆడిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే 9 ఇన్నింగ్స్‌కు సగటు వస్తుంది. ఇది ఎంత తక్కువయితే అంత మంచిది.

గిబ్సన్: 304⅔ ఇన్నింగ్స్, 38 పరుగులు. (38 × 9) ÷ 304⅔ = 1.12
మెక్‌లేన్: 336 ఇన్నింగ్స్, 73 పరుగులు. (73 × 9) ÷ 336 = 1.96

⅔ అంటే ఏమిటి? ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు గదా. అందులో రెండు అయ్యాయన్నమాట.

ఆ ఏడు నేషనల్ లీగ్ మొత్తం సగటు 2.99, అమెరికన్ లీగ్ సగటు 2.98. అంటే ఇద్దరికీ వచ్చిన 'ప్రశ్నపత్రం' దాదాపు సమానం. కనుక 1968కి గిబ్సనే మిన్న అనవచ్చు.

కాని అది పిచ్చర్లందరికీ కలిసివచ్చిన ఏడు. అందుకే 1969లో పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు. బంతి పడవలసిన హద్దును కూడా కుదించారు. పరుగులు పెరిగాయి. అయితే ఆ ఏడే నాలుగు కొత్త జట్లు కూడా చేరాయి. ప్రయోగశాలలో మూడు మార్పులు ఒకేసారి చేస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో తేల్చగలమా? ఇక్కడా అంతే.

ఇప్పుడు 2000 సంవత్సరానికి వద్దాం. అమెరికన్ లీగ్‌లో బోస్టన్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ సగటు 1.74. గిబ్సన్ కంటే ఎక్కువే. కాని ఆ ఏడు లీగ్ సగటు 4.91! లీగ్ సగటును పిచ్చర్ సగటుతో భాగించి చూడండి.

గిబ్సన్: 2.99 ÷ 1.12 = 2.67
మార్టినెజ్: 4.91 ÷ 1.74 = 2.82

కఠినమైన ప్రశ్నపత్రం రాసిన రాము మార్టినెజే! అయినా తీర్పు ఇక్కడితో ముగియదు. మార్టినెజ్ ఆ ఏడు 217 ఇన్నింగ్స్ ఆడాడు. గిబ్సన్ ఆడినవి 304⅔. అంత ఎక్కువ సేపు అంత బాగా ఆడటానికి ఎంత విలువ కట్టాలి? అది మీరే వాదించుకోండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎవరైనా ఒక అంకె చెప్పి 'ఇదే గొప్ప' అంటే, 'ఎప్పుడు, ఎవరి మధ్య?' అని అడగండి. మీ మార్కుల పట్టీ చూసుకునేటప్పుడు కూడా ఈ ప్రశ్న మరవకండి.

మీరే చేయండి: 1968లో అమెరికన్ లీగ్ పిచ్చర్ లూయీ టియాంట్ 258⅓ ఇన్నింగ్స్‌లో 46 పరుగులు ఇచ్చాడు. అతని సగటు ఎంత? లీగ్ సగటుతో పోల్చితే అతను మెక్‌లేన్ కంటే మిన్నా, తక్కువా?

(జవాబు: సగటు 1.60. నిష్పత్తి టియాంట్‌కు 1.86, మెక్‌లేన్‌కు 1.52. సగటులో టియాంటే మిన్న. కాని మెక్‌లేన్ ఆడిన ఇన్నింగ్స్ ఎక్కువ.)