నగరమున నీడ గడియారము

నలుగురు కూడు చోట నీడ గడియారమును నిలుపువారు రెండు పనులను ఒక్కసారి తలపెట్టుచున్నారు. అది కన్నులకు ఇంపుగా నుండవలెను. కాలమును నిజముగా చెప్పవలెను. మొదటిది శిల్పి నేర్పును బట్టి యుండును, రెండవది స్థలమును బట్టి యుండును. స్థలమును మరచిన యెడల నేమగునో చూడుడు.

క్రీ. పూ. 263వ సంవత్సరమున రోమనులు సిసిలీ ద్వీపములోని కటానియా పట్టణమును జయించి, అచ్చటి నీడ గడియారమును తెచ్చి తమ నగర సభాస్థలమున నిలిపిరి. కటానియా అక్షాంశము 37½ డిగ్రీలు. రోము అక్షాంశము దాదాపు 42 డిగ్రీలు. కావున దాని గీతలు రోమునకు సరిపడలేదు. ఐనను ప్రజలు 99 సంవత్సరములు దానినే నమ్మి నడచుకొనిరని ప్లినీ వ్రాసియున్నాడు. క్రీ. పూ. 164లో మార్కియస్ ఫిలిప్పస్ అను అధికారి దాని ప్రక్కన సరియైన దానిని నిలిపెను.

దీనికి కారణమేమి? భూమి తన ఇరుసుపై గంటకు 15 డిగ్రీలు తిరుగును. నీడ నిచ్చు శంకువు యొక్క అంచు ఆ ఇరుసునకు సమాంతరముగా, అనగా ధ్రువ నక్షత్రము వైపు చూచునట్లు, వాలి యుండవలెను. ఆ వాలు ఆ యూరి అక్షాంశమునకు సమానము. అట్లున్నప్పుడే యే నెలలోనైనను ఒక గంట నీడ ఒకే గీతపై పడును.

సవాయి జయసింహ మహారాజు ఈ మర్మము నెరిగినవాడు. ఆయన ఢిల్లీలోను జయపురములోను సమ్రాట్ యంత్రములను కట్టించెను. రూపమొక్కటే, వాలు మాత్రము ఢిల్లీలో 28½ డిగ్రీలకు మించినది, జయపురములో 27 డిగ్రీలు. జయపురపు శంకువు దాదాపు 27 మీటర్ల యెత్తు గల గోడ. దానిపై మెట్లు గలవు. దాని నీడ సెకండునకు సుమారొక మిల్లీమీటరు జరుగుచుండగా కంటితో చూడవచ్చును.

ఫ్రాన్సు దేశమున బ్రూ దేవాలయము ముందున్న దానిలో చూడవచ్చిన మనుష్యుడే శంకువు. నేలపై కోడిగ్రుడ్డు ఆకారమున గంటల గుర్తులుండును. నడుమ నెలల గుర్తులుండును. ఆ నెల గుర్తుపై నిలిచిన వాని నీడ గంటను చూపును. బాలురకు ఇంతకంటె ప్రియమైన కల్పన యేమున్నది? ఈ గుర్తుల దూరములను గూడ అక్షాంశమును బట్టియే లెక్కింపవలెను.

2004లో అమెరికాలోని రెడ్డింగ్ నగరమున తెరచిన వంతెన యొక్క స్తంభమును నీడ గడియారమే. అది మిక్కిలి సుందరము. కాని దాని నీడ కచ్చితముగా సరిపడునది జూను నెలలో దీర్ఘమైన పగటి దినమున మాత్రమే.

మరియొక సంగతి. నీడ చెప్పునది ఆ యూరి సూర్యకాలము. మన చేతి గడియారము చెప్పునది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలము. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల భేదము. కావున జయపురమున సుమారు 27 నిమిషములు కలుపవలెను. ఆ రేఖ మన కాకినాడ దాపుననే పోవుచున్నది. అందువలన అన్నవరము కొండపై నున్న నీడ గడియారమునకు ఈ దిద్దుబాటు దాదాపు అక్కరలేదు. ఋతువులను బట్టి యేర్పడు భేదము మాత్రము ఎల్లయెడలను గలదు. నవంబరు మొదట నది 16 నిమిషముల వరకుండును.

కావున మీరు పాఠశాల యావరణమున దీనిని నిర్మింపదలచిన యెడల, అందమైన పటమును వెదకుటకు ముందు దేశపటమును విప్పి మీ యూరి అక్షాంశమును చూడుడు. పరుల కొలతను తెచ్చి నాటినవాడు తాను మోసపోవుటయే గాక దారిన పోవువారి నందరిని మోసపుచ్చును.