అద్దాలు రాసే ముందు ఒంటి సంగతి అడుగు

విశాఖపట్నం

బుజ్జీ,

చదువు పూర్తిచేసి ఉద్దానంలో కంటి పరీక్షా కేంద్రంలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. కవిటి, కంచిలి, సోంపేట చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లు, వేటకు వెళ్లే మత్స్యకారులు ఇకమీదట నీ ఎదుట కూర్చుంటారు. వాళ్ల గురించి నీకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. దాచుకుని అప్పుడప్పుడూ చదువుకో.

నీ దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమంది "చూపు ఆనట్లేదమ్మా, అద్దాలియ్యి" అనే అంటారు. చాలామందికి అద్దాలే కావాలి, ఇవ్వు. కానీ నంబరు రాసే ముందు ప్రతి మనిషినీ నాలుగు ప్రశ్నలు అడుగు. షుగరు ఉందా? బీపీ ఉందా? కిడ్నీ జబ్బు మీకు గానీ మీ ఇంట్లో గానీ ఉందా? రోజూ వేసుకునే మాత్రలేమిటి? దీనికి రెండు నిమిషాలు పట్టదు. నీరసమొచ్చినా కాళ్లు వాచినా ఆస్పత్రి గడప తొక్కనివాళ్లు కూడా సూదిలోకి దారం ఎక్కకపోతే కళ్ల పరీక్షకు వస్తారు. పల్లెటూళ్లలో ఎంతోమంది ఒంట్లోని జబ్బును మొట్టమొదట గుర్తించే అవకాశం కంటివాళ్లకే దక్కుతుందని నా వృత్తి నాకు నేర్పింది. ఆ అవకాశం ఇప్పుడు నీ చేతికొచ్చింది.

కంటికీ కిడ్నీకీ సంబంధమేమిటని జనం ఆశ్చర్యపోతారు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు నీకు స్పష్టంగా ఉండాలి. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల చుట్టలు సుమారు పది లక్షలుంటాయి. రెటీనాకు ప్రాణం పోసేవీ అలాంటి సన్ననాళాలే. షుగరు, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెండుచోట్లా ఆ నాళాల గోడలు చెడిపోతాయి. కిడ్నీలో గోడ వదులైతే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. కంట్లో వదులైతే రెటీనాలోకి నీరూ కొవ్వూ రక్తమూ కారతాయి. కిడ్నీ నాళాలను చూడాలంటే సూది గుచ్చి ముక్క తీయాలి. కంట్లోవాటిని కోత లేకుండా, నొప్పి లేకుండా అప్పటికప్పుడు చూడొచ్చు. శరీరం మొత్తంలో సన్నటి రక్తనాళాలు ఇంత స్పష్టంగా నేరుగా కనబడే చోట్లు అరుదు.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ తయారుచేశాక వైద్యులకు ఈ దారి తెరుచుకుంది. 1939లో మేయో క్లినిక్‌లో కీత్, వాగెనర్, బార్కర్ అనే వైద్యులు బీపీ రోగులను రెటీనా మార్పులను బట్టి నాలుగు తరగతులు చేసి, ఎవరెంతకాలం బతికారో గమనించారు. మొదటి తరగతిలో మూడేళ్ల తర్వాత నూటికి 70 మంది బతికున్నారు. కంటినరం మొదలు వాచిన నాలుగో తరగతిలో మిగిలింది ఆరుగురే. బీపీకి సరైన మందులు లేని రోజులవి. ఇవాళ మాత్రలు మండల ఆస్పత్రిలో కూడా దొరుకుతున్నాయి. అందుచేత ఫండస్ కెమెరాలో నరం మొదలు ఉబ్బి, చుట్టూ రక్తపు చారలు, దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తే వెంటనే బీపీ చూడు. బాగా ఎక్కువుంటే ఆ మనిషిని ఆ రోజే ఆస్పత్రికి చేర్పించాలి. రేపు వెళ్తానంటే ఒప్పుకోకు.

షుగరు సంగతి ఇంకా మెత్తగా మొదలవుతుంది. రెటీనా చెడిపోతున్నా చాలాకాలం చూపు 6/6 ఉంటుంది. చార్టులో ఆఖరి వరస చదివేశాడు కదా అని షుగరున్న మనిషిని పంపేయకు. కంట్లో మందు వేసి, పాప విప్పారాక లోపల చూడాలి, లేదా ఫోటో తీసి పెద్దాస్పత్రికి పంపాలి. పెద్దవయసులో వచ్చే షుగరుకైతే జబ్బు బయటపడ్డ రోజునే ఈ పరీక్ష జరగాలి. చిన్నప్పుడే వచ్చిన రకానికి అయిదేళ్లలోపు మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎవరికైనా ఏడాదికోసారి తప్పదు. షుగరున్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి, కడుపుతో ఉండగా ఈ జబ్బు వేగంగా ముదరగలదు. సమయానికి పట్టుకుంటే లేజరు ఉంది, కంట్లో వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. కళ్ల ముందు నల్లటి పొగ కమ్మిందని వచ్చేనాటికి కొత్త నాళాలు పుట్టి, పగిలి, లోపల రక్తం నిండిపోయి ఉంటుంది.

షుగరు విషయంలోనే నీ పనికి దగ్గరైన జాగ్రత్త మరొకటుంది. రక్తంలో చక్కెర పెరిగితే కంటి కటకంలో నీరు చేరి పవరు మారిపోతుంది. దూరం మసకేసి, దగ్గరి చూపు ఉన్నట్టుండి బాగుపడిందని సంబరపడే పెద్దవాళ్లు కనిపిస్తారు. శుక్లం ముదిరేటప్పుడూ అలాగే జరుగుతుంది కాబట్టి రెండూ చూసుకో. కొన్నాళ్లలోనే నంబరు గట్టిగా మారిందంటే ముందు గ్లూకోమీటరు తియ్యి. చక్కెర అదుపులోకొచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయి. ఈలోగా రాసినవి నెల తిరక్కుండానే పనికిరాకుండా పోతాయి, పేదవాళ్ల డబ్బు వృథా అవుతుంది.

ఇక ఉద్దానం గురించి. ఇక్కడ నేను చెప్పేది మరింత శ్రద్ధగా విను. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకూ ఉద్దానంలో ఎంతోమందిలో కనిపించే కిడ్నీ జబ్బుకూ తేడా ఉంది. ఉద్దానంలో కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. చాలామందిలో అది వడపోత చుట్టలకన్నా వాటి వెనకుండే సన్నగొట్టాలనూ, చుట్టూ ఉండే కణజాలాన్నీ ముందుగా దెబ్బతీస్తుంది. షుగరు ఉండదు, మొదట్లో బీపీ పెరగకపోవచ్చు, మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు. రెటీనా శుభ్రంగా ఉంటుంది. అంచేత "కంట్లో ఏమీ లేదు" అన్న మాటను "కిడ్నీలు బాగున్నాయి" అని వాళ్లు తీసుకోకుండా చూసుకో. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, అన్నకో తండ్రికో డయాలసిస్ జరుగుతున్నవాళ్లు వస్తే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చెప్పు. అది కూడా కిడ్నీ సగం పని ఆగిపోయేదాకా మామూలుగానే కనిపించవచ్చు, అందుకే ఒకసారి చేయించి ఊరుకోకుండా మళ్లీమళ్లీ చూపించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మీకు దగ్గరే. అక్కడికి దారీ, వెళ్లాల్సిన వేళలూ తెలుసుకుని పెట్టుకో.

నీ పరీక్ష కిడ్నీ డాక్టరుకు మరో రకంగా కూడా అక్కరకొస్తుంది. ఏళ్లుగా షుగరు ఉండి, కిడ్నీలు చెడిపోతున్నా రెటీనాలో మచ్చ కూడా లేదంటే, కిడ్నీ జబ్బుకు షుగరు కాక వేరే కారణం ఉందేమో అని ఆయన వెతుకుతాడు. కాబట్టి కంట్లో ఏమీ కనబడకపోయినా ఆ సంగతి కాగితం మీద స్పష్టంగా రాసి పంపు.

పిల్లల విషయంలో రెండు గుర్తుంచుకో. పొద్దున్న లేచేసరికి రెప్పలు ఉబ్బి, సాయంత్రానికి తగ్గిపోతున్నాయని తల్లి పిల్లాణ్ణి తీసుకొస్తుంది. ఎలర్జీ అనుకుని చుక్కలు వేయించుకుంటూ తిరుగుతుంటారు. కన్ను ఎర్రగా లేదు, దురద లేదు అంటే పాదాలు నొక్కి చూడు, మూత్రంలో నురగ వస్తోందా అడుగు. కిడ్నీలోంచి ప్రోటీన్ పోతున్న పిల్లలు ఇలాగే వస్తారు, మూత్రపరీక్షతో తేలిపోతుంది. రెండోది అరుదు. రెటినోస్కోపులో వెలుగు మధ్య నూనెచుక్కలా కనిపిస్తూ, పవరు తొందరగా పెరిగిపోతున్న మగపిల్లాడు వస్తే సరిగ్గా వినబడుతోందా అని అడుగు. మేనమామకు చిన్నవయసులోనే కిడ్నీలు పోయాయా అని కూడా అడుగు. కంటి కటకాన్నీ చెవినీ కిడ్నీనీ కలిపి పాడుచేసే ఆల్‌పోర్ట్ అనే వంశపారంపర్య జబ్బు ఉంది. దాన్ని నీలాంటివాళ్లు ముందుగా గుర్తిస్తే పిల్లాడికి కిడ్నీ వైద్యం ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లను చాలామందిని చూస్తావు. వాళ్ల కళ్లు పొడిబారతాయి, ఎర్రబడతాయి. కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పడంతో తెల్లగుడ్డు మీదా నల్లగుడ్డు అంచుల్లోనూ సున్నం పేరుకుని గరగరలాడుతుంది. కింది రెప్ప లాగి చూస్తే రక్తహీనత వల్ల లోపల పాలిపోయి కనబడుతుంది. డయాలసిస్ అయిన వెంటనే అద్దాల పరీక్ష చేయకు, ఒంట్లో నీరు మారినప్పుడు చూపూ అటూ ఇటూ అవుతుంది. డయాలసిస్ లేని రోజు రమ్మను. డయాలసిస్ జరుగుతుండగా బీపీ పడిపోయి, నొప్పి లేకుండా ఒక కన్ను హఠాత్తుగా కనిపించకుండా పోతే క్షణం ఆలస్యం చేయకూడదని వాళ్లకూ ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచు. డయాలసిస్ వాళ్లకు శుక్లం ఆపరేషన్ చేయరన్న అపోహ ఊళ్లలో ఉంది. కిడ్నీ డాక్టరుతో మాట్లాడి రోజు కుదుర్చుకుని చేస్తారు. మిగిలిన జీవితం మసకలో గడపాల్సిన పని వాళ్లకు లేదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు స్టెరాయిడ్లు వాడతారు, దానితో శుక్లమూ కంటి ఒత్తిడీ వస్తాయి. రోగనిరోధకశక్తి తగ్గించే మందులు కూడా ఉంటాయి కాబట్టి కళ్ల ముందు మచ్చలు ఎగురుతున్నాయన్నా, నుదుటి మీద ఒకపక్క నీటిపొక్కులు లేచినా తేలిగ్గా తీసుకోకు.

నాలుగో ప్రశ్న మాత్రల గురించి అడగమన్నాను, ఎందుకో చెబుతాను. మన దేశంలో టీబీ మందుల్లో ఇథాంబ్యుటాల్ మామూలుగా ఆరు నెలలూ ఉంటుంది. అది కంటినరాన్ని దెబ్బతీయగలదు. కిడ్నీల ద్వారా బయటికి పోవాల్సిన మందు కనుక, కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఒంట్లోనే నిలిచిపోయి ప్రమాదం పెరుగుతుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియట్లేదన్నా, నడుమ చూపు మసకన్నా టీబీ డాక్టరుకు ఆ రోజే తెలియాలి. త్వరగా ఆపితే చూపు తిరిగొచ్చే అవకాశం ఉంది. మందు ఆపమని మాత్రం నువ్వు చెప్పకు, అది డాక్టరు నిర్ణయం. కీళ్లవాతానికీ లూపస్‌కూ వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ రెటీనాకు ముప్పు తేగలదు, ఆ ముప్పు కూడా కిడ్నీ బలహీనమైనప్పుడు ఎక్కువ. మొదటి ఏడాదిలోనే ఒకసారి రెటీనా చూపించుకోవాలి, అయిదేళ్ల తర్వాత ఏటేటా, కిడ్నీ జబ్బుంటే అంతకన్నా ముందునుంచే. మన కంటి మందూ కిడ్నీని బాధించగలదు. కంటి ఒత్తిడికి ఇచ్చే డయామాక్స్ మాత్ర కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. చీటీలో కిడ్నీ జబ్బని పెద్ద అక్షరాలతో రాయి. తలనొప్పికో ఒళ్లునొప్పులకో దుకాణంలో నొప్పి మాత్ర కొనుక్కోమని పొరపాటున కూడా అనకు, ఆ మాత్రలు అలవాటుగా మింగితే కిడ్నీలకు చేటు.

అన్నీ రాస్తే గ్రంథమవుతుంది. థైరాయిడ్‌తో గుడ్లు ముందుకు పొడుచుకొస్తాయి, బీడీ సిగరెట్టు తాగితే అది ముదురుతుంది. నడుంనొప్పితో పొద్దున్నే లేవలేని కుర్రాడికి కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేకపోతుంటే కంటి లోపలి వాపేమో చూడు. ఏజెన్సీ గిరిజన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లలో సికిల్ సెల్ జబ్బు ఉందేమో అడుగు, అది రెటీనా నాళాలను మూసేస్తుంది.

చెప్పే పద్ధతి కూడా వైద్యంలో భాగమే. ఉద్దానంలో కిడ్నీ అన్న మాట వింటేనే గుండె జారుతుంది, ఆ మాట వల్ల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడే ఇళ్లున్నాయి. నలుగురి ముందు అనకు. పక్కకు పిలిచి, "అమ్మా, కంట్లో నాళాలు కొంచెం తేడాగా ఉన్నాయి, రక్తపరీక్ష చేయిస్తే ధైర్యంగా ఉంటుంది" అను. జబ్బు పేరు పెట్టడం నీ పని కాదు, మనిషిని సరైన చోటికి చేర్చడం నీ పని. చీటీ రాసిచ్చి వదిలేయకు. పేరు, ఫోను నంబరు పుస్తకంలో రాసుకుని, వారం తర్వాత వెళ్లారా అని కనుక్కో. ఫోను ఎత్తకపోతే ఆశా కార్యకర్తను అడుగు, ఆమెకు తెలియని గడప ఉండదు. బస్సు చార్జీకి లేకనో, కూలి పోతుందనో ఆగిపోయి ఉంటారు. రోజు మార్చి సర్దితే చాలామంది వెళ్తారు.

ఇక మన ఇంటి సంగతి. మీ నాన్నకు షుగరు వచ్చి చాలాకాలమైంది. నా తమ్ముడు నా మాట ఎప్పుడూ వాయిదా వేస్తాడు గానీ నీ మాట కాదనడు. ఈ ఆదివారమే కంట్లో మందు వేసి రెటీనా ఫోటో తియ్యి, సోమవారం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించు. మందు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపనివ్వకు. ఫోటో, రిపోర్టులు నాకు పంపు, నేను చూస్తాను.


మీ అత్త